గల్లీ మూల కుప్ప నుంచి చెరువు కట్ట దాకా: మన ఊరిని మనమే బాగు చేసుకునుడు ఎట్ల

మా కాలనీల మొదటిసారి శ్రమదానం పెట్టుకున్నప్పుడు ఎనభై మంది దాకా వచ్చిన్రు. ఫ్లెక్సీ, టోపీలు, ఉప్మా, చాయ్, ఫొటోలు, మూడు గంటల్ల గల్లీ మూల మీదున్న కుప్ప మొత్తం ఎత్తేసినం, అందరం మస్తు ఖుషీ. పదిహేను రోజులు కాలేదు, అదే మూలకు అదే కుప్ప, పైగా ఈసారి దాని మీద మా ఫ్లెక్సీనే మడతపెట్టి ఎవరో పారేసి పోయిన్రు.

తర్వాత ఏడాది పన్నెండు మందిమే మిగిలినం, అదే మూలను మళ్లీ పట్టుకున్నం, ఇగ అప్పటి నుంచి అక్కడ కుప్ప పడలే. ఎనభై మందితోటి కానిది పన్నెండు మందితోటి ఎట్ల అయింది అన్నదే ఈ పోస్టు మొత్తం. ఒక్క ముక్కల చెప్పాలంటే ఊడ్చుడు పెద్ద పని కాదు, ఊడ్చిన తెల్లారి నుంచి అసలు పని మొదలైతది, మనోళ్లు అందరు అక్కడ్నే ఇడిసిపెడతరు. కొంచెం లంబాగనే ఉంటది, ఓపికగ చదువుండ్రి.

స్టెప్ 1: చిన్న జాగ పట్టుకోండి, అది ఎవలదో కనుక్కోండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట కలిపితే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ల 66 డివిజన్లు. "వరంగల్‌ను మార్చేద్దాం" అని గ్రూపు పెడితే రెండో వారానికి గ్రూపుల గుడ్ మార్నింగులు తప్ప ఏమీ ఉండవు. మీరు రోజు నడిచే తొవ్వల, మీ ఇంటికి ఐదు నిమిషాల దూరంల ఉన్న ఒక్క మూల, ఒక్క గోడ, లేదా వంద అడుగుల మోరీ, అంతే. ఇరవై మంది రెండు గంటల్ల పూర్తి చేయగలిగేటంత ఉంటే సాలు.

జాగ చూసినంక వెంటనే పార పట్టుకోవద్దు. అది ఎవల చేతిల ఉందో తెల్వకుంటే తర్వాత లొల్లి అయితది. రోడ్డు, మోరీ, డివైడర్ అయితే కార్పొరేషన్‌ది. లేఅవుట్ల పార్కు కోసం ఇడిసిన జాగ అయితే అది కూడ కార్పొరేషన్‌కే పోతది, లేఅవుట్ కాపీ కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఆఫీసుల దొరుకుతది, ఆ కాపీ తెచ్చుకునుడు చాల ముఖ్యం ఎందుకంటే పార్కు జాగల సగం వరకు ఎవరో ఒకరు ప్రహరీ జరిపి ఉంటరు, మీరు చెట్టు పెట్టవోతే వాళ్లే ముందుగాల వచ్చి అడ్డం పడతరు. చెరువు శిఖం (నీళ్లు నిండే జాగ), కట్ట అయితే ఇరిగేషనోళ్లది. కాజీపేట దిక్కు మస్తు జాగ రైల్వేది, అక్కడ అడగకుండ గోడకు రంగు వేసినా కేసే. గుడి చుట్టుపక్కల అయితే దేవాదాయ శాఖ.

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి దగ్గర ఉన్నోళ్లకు ఇంకో సంగతి. అవి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నయి. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్తగ ఏం కట్టొద్దు, దాని తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలె. బెంచీ కోసం సిమెంట్ దిమ్మె పోసుడు కూడ ఈ లెక్కలకే వస్తది అనుకొని ముందే అడుగుండ్రి. ఊడ్చుడుకు ఎవరూ కాదనరు, తవ్వుడుకే కాదంటరు.

ఖాళీ ప్లాట్లు అన్నిటికన్న తలనొప్పి. ఓనర్ హైదరాబాద్‌లనో అమెరికాలనో ఉంటడు, ప్లాటు నిండ సర్కారు తుమ్మ, పాములు, కాలనీ చెత్త. ఆయన నంబర్ దొరకబట్టి, "అన్నా, మీ ప్లాటు మేము సాఫ్ చేపిస్తం, జేసీబీ కిరాయి మీరియ్యుండ్రి, చుట్టు ఫెన్సింగ్ ఏసుకోండి, మీ జాగకే సేఫ్" అని మర్యాదగ చెప్తే సగం మంది ఒప్పుకుంటరు. కబ్జా భయం అందరికీ ఉంటది గదా, ఆ భయమే మనకు ఇక్కడ పనికొస్తది.

స్టెప్ 2: ఐదుగురు మనుషులు

ఐదుగురితోటి షురూ చేయుండ్రి. ఆ ఐదుగురు ఎవరన్నది ముఖ్యం. కాలనీ సంఘం ప్రెసిడెంట్, సెక్రటరీ అని పెద్ద మనుషుల పేర్లు రాసుకుంటే మీటింగులు అయితయి, పని కాదు. ఆ మూలను రోజంతా చూసేటోళ్లు కావాలె. కిరాణం షాపు కాక, పొద్దుగాల ఇడ్లీ బండి పెట్టే అక్క, ఇస్త్రీ డబ్బా అన్న, అరుగు మీద కూసుండే రిటైర్డ్ సార్, ఎదురింటి అమ్మమ్మ. ఎవరు ఎప్పుడు ఏ కవర్ పారేస్తున్నరో వీళ్లకు తెల్సినంత సీసీ కెమెరాకు కూడ తెల్వది.

పనులు ముందే పంచుకోండి. ఆఫీసు చుట్టు తిరిగేటోళ్లు ఒకరు, పైసలు చూసేటోళ్లు ఒకరు, సామాను ఒకరు, ఫోన్లు చేసి మనుషులను పిలిచేటోళ్లు ఒకరు. పైసలు, ఫోన్లు రెండూ ఒక్కరికే ఇయ్యకుండ్రి, నెలకే అలిసిపోతరు. ఇది మేము కొత్తగ కనిపెట్టింది కాదు, మన గీసుగొండ మండలంల గంగదేవిపల్లి ఉంది గదా, దేశం మొత్తం వచ్చి చూసి పోతది, అక్కడ నీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒక కమిటీ, ఇట్ల ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకున్నరు. ఊరంతా కలిసి సర్పంచ్ మొఖం చూసుకుంట కూసోలే. ఒక్క ఆదివారం కుదిరితే బండ్లేసుకొని పోయి చూసి రండి, వంద మాటల కన్న అదే ఎక్కువ పనిచేస్తది.

వాట్సాప్ గ్రూపుకు రెండే రూల్స్. దేవుడి ఫొటోలు, రాజకీయాలు వద్దు. చెప్పిన పని అయిందా కాలేదా అన్న ముచ్చటే ఉండాలె. మా గ్రూపుల ఎలక్షన్లప్పుడు ఈ రూల్ తప్పి నలుగురు లెఫ్ట్ అయి పోయిన్రు, వాళ్లల్ల ఇద్దరు మంచి పనిమంతులు, ఇప్పటికీ బాధనే.

స్టెప్ 3: వారం రోజులు ఉత్తగ చూడండి

ఇదే మేము మొదటిసారి చేయలే, ఇదే అన్నిటికన్న ముఖ్యం. కుప్ప తీయకముందు ఆ కుప్ప ఎందుకు పడుతుందో చూడాలె. పొద్దున 5 నుంచి 9, రాత్రి 8 నుంచి 11, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకొని, కుర్చీ ఏసుకొని, ఎవరితోటి కొట్లాడకుండ ఉత్తగ రాసుకోండి. ఫొటోలు తీయొద్దు, తీస్తే ముచ్చట వేరే దిక్కు పోతది.

మేము చూస్తే ఏం తేలిందంటే, మేము రోజు తిట్టుకునేది బస్తీల ఉండేటోళ్లను, కానీ చెత్త వేస్తున్నది ఎక్కువ మంది అపార్ట్‌మెంట్ల కిరాయికి ఉండే ఉద్యోగస్తులు. పాపం వాళ్లది కూడ తప్పు కాదు. చెత్త ఆటో వచ్చేది తొమ్మిదిన్నరకు, వాళ్లు డ్యూటీకి పోయేది ఎనిమిదిన్నరకు. ఇంట్ల చెత్త పెట్టుకుంటే వాసన, ఇగ బండి మీద పోతా పోతా కవర్ విసిరేసి పోతరు. ఇంకో గల్లీ సందు చిన్నగ ఉండి ఆటో లోపలికి పోదు, ఆ గల్లీ మొత్తానికి మా మూలనే డంపింగ్ యార్డు. రాత్రి పదిన్నరకు ఒక చికెన్ సెంటర్ నుంచి బొచ్చు, పేగుల సంచి వస్తది, దానికోసం కుక్కలు, కుక్కలు సంచులన్నీ చింపితే పొద్దున పందులు.

అంటే ఒక్క కుప్పకు మూడు కారణాలు. మూడింటికి మూడు వేరే మందులు. ఆటో టైము ఏడున్నరకు మార్పించుడు. సందు గల్లీ వాళ్లకు ఆటో ఆగే జాగ, టైము ఫిక్స్ చేసుడు, ఆటో అన్న విజిల్ కొడితే తెచ్చి ఇచ్చుడు. చికెన్ సెంటర్ అన్నతోటి, కొట్లాట కాదు, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను వెంట పెట్టుకొని కూసొని మాట్లాడుడు, మాంసం వ్యర్థాలకు వేరే బండి కట్టిచ్చుకొమ్మని ఒప్పిచ్చుడు. ఇవి మూడు కాకముందు పార పట్టుకున్నా దండుగే.

స్టెప్ 4: ఆఫీసు పని

ఆఫీసు అంటేనే మనోళ్లకు విసుగు. కానీ ట్రాక్టర్, చెత్త ఆటో, బ్లీచింగ్, మొరం అన్నీ వాళ్ల దగ్గర్నే ఉన్నయి, వాళ్లను పక్కకు పెట్టి చేస్తే కుప్పను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుడే అయితది.

పైకి పోకుండ కింది నుంచి పోండి. మొదలు మీ ఏరియా జవాన్‌ను (సఫాయి పని దగ్గరుండి చూసుకునేటాయన) కలువుండ్రి, ఆయన రోజు పొద్దున ఐదున్నరకు హాజరు తీసుకునే అడ్డా ఎక్కడో సఫాయి అన్నలను అడిగితే చెప్తరు. జవాన్, తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్, తర్వాతనే మీదోళ్లు. మేము మొదట పెద్ద సార్‌కు లెటర్ ఇచ్చి ఫొటో దిగినం, కింద ఉన్న మనిషికి కోపమొచ్చింది, ట్రాక్టర్ నెల రోజులు రాలే. సఫాయి అక్కలతోటి మాట్లాడుడు అసలు మర్చిపోవద్దు, ఎక్కడ ఏం పడుతదో, ఏ మోరీ ఎక్కడ జామ్ అయితదో వాళ్లకు నోటికి వస్తది.

దరఖాస్తు ఒక్క పేజీ ఉంటే సాలు. ఏ జాగ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత మంది, మాకు మీ నుంచి ఏం కావాలె అని నాలుగు లైన్లు, కింద గల్లీ వాళ్ల సంతకాలు. రెండు కాపీలు, ఒక దాని మీద ముద్ర కొట్టిచ్చుకోండి. కదలకపోతే సోమవారం ప్రజావాణిల ఇయ్యండి.

చట్టం కూడ కొంచెం తెల్సి ఉంటే మాటకు బలం వస్తది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019ల వచ్చింది, అందుల ప్రతి వార్డుకు యువకులకు, ఆడోళ్లకు, వయసు పైబడ్డోళ్లకు, ఊరి పెద్దమనుషులకు వేరువేరుగ నాలుగు కమిటీలు ఉండాలె అని ఉంది, బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలె, పెట్టిన మొక్కల్ల 85 శాతం బతకాలె అని కూడ ఉంది. దబాయించి మాట్లాడకుండ్రి, "సార్, గ్రీన్ బడ్జెట్ల మాకు ట్రీ గార్డులు వస్తయా" అని అడిగితే సాలు, మీకు తెల్సని వాళ్లకు తెలుస్తది.

స్టెప్ 5: సామాను, పైసలు

ఇరవై మందికి ఆరు పారలు, రెండు గడ్డపారలు, పది తట్టలు, నాలుగు కొడవళ్లు, రెండు పండ్ల కర్రలు (దంతెలు), పొడుగు చీపుర్లు ఎనిమిది, పాత గోనె సంచులు ముప్పై. అందరికీ మందం రబ్బర్ గ్లౌజులు, మాస్కులు. అందరు ఇంట్ల నుంచి తెచ్చుకుంటే సగం సామాను కొనే పనే లేదు, పిడి మీద పేరు రాయిపిచ్చుకోండి, లేకుంటే పార మారితే అది వేరే లొల్లి.

పైసలు ఎక్కువ జమ చేయొద్దు, నిజంగ చెప్తున్న. పైసలు ఎక్కువైతే అనుమానాలు ఎక్కువైతయి. మొదటి మూడు నెలలు సంఘం రిజిస్ట్రేషన్ కూడ అవసరం లేదు. పని నిలబడి, పెద్ద డొనేషన్లు వచ్చేటట్టుంటే అప్పుడు సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోండి, ఏడుగురు సభ్యులు ఉండాలె, ఇద్దరి సంతకాలతోటి బ్యాంకు ఖాతా. అప్పటిదాక చాయ్ పైసల నుంచి పెయింట్ పైసల దాక ప్రతి బిల్లు ఫొటో ఆ రోజు రాత్రే గ్రూపుల పడాలె.

స్టెప్ 6: పని రోజు

మన దిక్కు ఎండల సంగతి తెల్సిందే. ఆరు గంటలకు పార పడాలె, ఎనిమిదిన్నరకు ఇగ ఆపాలె, ఏప్రిల్, మే నెలల్ల కుప్ప తోడే పెద్ద పని పెట్టుకోవద్దు. ట్రాక్టర్ ఏడు గంటలకు రావాలె అంటే ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఐదున్నరకు ఒకసారి డ్రైవర్‌కు ఫోన్ చేయాలె. ట్రాక్టర్ రాకుంటే కుప్ప తోడొద్దు, తోడి రోడ్డు మీద పెడితే రోడ్డు మొత్తం కుప్ప అయితది, మాకు ఒకసారి అట్లనే అయి గల్లీ వాళ్లతోటి మంచిగ తిట్లు తిన్నం.

మొదలు పొడుగు కర్రతోటి కుప్పను నాలుగు దిక్కుల కొట్టి కదిలిచ్చుండ్రి, పాములు, తేళ్లు ఉంటయి. చెప్పులతోటి వచ్చినోళ్లకు చాయ్ పని అప్పగించుండ్రి, కుప్ప దగ్గరికి రానియ్యొద్దు. పాము కరిస్తే కట్లు కట్టుడు, కోసుడు, మంత్రం ఏసుడు ఏం వద్దు, కదలకుండ పండుకోబెట్టి 108కి ఫోన్ చేసి ఎంజీఎం దవాఖానకు తీస్కపోవుడే. సీసపెంకులు, సిరంజీలు కనిపిస్తే చేతితోటి ముట్టొద్దు, సిరంజీలు, దవాఖాన చెత్త ఉంటే అట్లనే వదిలి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు చూపియ్యండి, అది మామూలు చెత్తల కలవొద్దు. ఎండిన ఆకులు, కవర్లు కాలబెట్టుడు కూడ వద్దు, అది నేరమే గాక గల్లీల దమ్ము రోగం ఉన్న ముసలోళ్లు అల్లాడిపోతరు.

ఇంకోటి గట్టిగ చెప్తున్న, మ్యాన్‌హోల్ మూత తీసుడు, లోపలికి దిగుడు మన పని కాదు, ఎంత ఉత్సాహం ఉన్నా సరే. 2013 చట్టం ప్రకారం రక్షణ సామాను లేకుండ మనిషిని దింపుడే నేరం, లోపల గ్యాస్‌కు నిమిషాలల్ల ప్రాణం పోతది. పైపైన ఓపెన్ మోరీల కవర్లు పండ్ల కర్రతోటి గుంజుడు వరకే మనది.

స్టెప్ 7: కుప్ప పోయిన జాగ ఖాళీగ ఉండొద్దు

ఆ రోజే, అంటే ఆదివారం పొద్దున కుప్ప పోతే ఆదివారం సాయంత్రం లోపట్నే అక్కడ ఏదో ఒకటి రావాలె. ఖాళీ జాగ చూస్తే మన చెయ్యి ఊకోదు. ట్రిప్పు మొరం పోసి సదును చేయుండ్రి, బ్లీచింగ్ కలిపిన సున్నం చల్లుండ్రి, సాయంత్రం గల్లీ ఆడోళ్లు సాన్పు చల్లి పెద్ద ముగ్గు ఏస్తరు. ముగ్గు మీద చెత్త వేయాలంటే మన ఊళ్లె ఎవనికైనా చెయ్యి ఆడది, ఇది నేను కండ్లార చూసిన, కవర్ పట్టుకొని బండి ఆపి, ముగ్గు చూసి, మళ్లీ బండికి తగిలిచ్చుకొని పోయిన మనిషిని చూసిన. మా గల్లీ అక్కలు నెల రోజులు వంతులేసుకొని రోజు ముగ్గేసిన్రు. కుప్ప పోవుడుకు అసలు కారణం వాళ్లే.

తర్వాత ఒక పాత సిమెంట్ బెంచీ, పైన వీధి లైట్. లైట్ చాల అవసరం, చెత్త చీకట్లనే పడుతది.

గోడకు దేవుళ్ల టైల్స్ అతికిద్దామని ఎవరో ఒకరు తప్పకుండ అంటరు. నాకైతే ఇష్టం లేదు. ఉచ్చ పోసేటోడు రెండు అడుగులు పక్కకు జరిగి పోస్తడు, ఇంకోటి అన్ని మతాల టైల్స్ పెట్టాలె అని పంచాయితీ అయితది. దానికన్న రంగులు మేలు.

గోడకు రంగు లెక్క ఇట్ల చూసుకోండి. 60 అడుగుల పొడుగు, 6 అడుగుల ఎత్తు గోడ అంటే 360 చదరపు అడుగులు. బయటి గోడల ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లు కలిపి 50, 60 చదరపు అడుగులు వస్తది, అంటే ఏడు లీటర్లు చేతిల ఉండాలె, దాని కింద ప్రైమర్ నాలుగు లీటర్లు. ముందు వైర్ బ్రష్‌తోటి పాకుడు, పాత పోస్టర్లు గీకి, నీళ్లతోటి కడిగి, రెండు రోజులు ఆరినంకనే ప్రైమర్. తడి గోడ మీద వేస్తే మొదటి వానకే పొరలు లేస్తయి. వానాకాలంల రంగుల పని పెట్టుకోవద్దు, దసరా దాటినంక మంచిగ ఆరుతది.

బొమ్మలు ఏం వేద్దాం అంటే ఊరికే నెట్ల దొరికిన కార్టూన్లు కాకుండ మనవి మనకున్నయి. చేర్యాల నకాశీ బొమ్మల ఎర్ర బ్యాక్‌గ్రౌండ్, కాకతీయ కళాతోరణం, బతుకమ్మ ఆట, కొత్తవాడ దర్రీల డిజైన్లు. దర్రీ డిజైన్ అయితే గీతలే గదా, స్కేలు, మాస్కింగ్ టేప్ పెట్టి చిన్న పిల్లలు కూడ వేస్తరు, మా గోడకు అదే వేసినం. సర్కారు బడి గోడ అయితే హెడ్మాస్టర్ సార్ దగ్గర రాసి తీసుకోండి.

మన ఊళ్లె ఇంకో విచిత్రం ఉంటది, మట్టి తవ్వుతుంటే చెక్కిన రాయి, విరిగిన నంది, శాసనం ముక్క బయట పడుతయి. కాకతీయుల రాజధాని మీద ఉంటున్నం మరి. దానికి పెయింట్ వేసుడు, వైర్ బ్రష్, యాసిడ్ పెట్టుడు, తెచ్చి ఇంటి ముంగట పెట్టుకునుడు ఏదీ చేయొద్దు. ఉన్న కాడనే ఉంచి ఫొటో తీసి హెరిటేజ్ శాఖకు చెప్పుండ్రి. పాత మెట్ల బావులు కూడ అంతే, చుట్టూ తుప్పలు కొట్టుడు వరకే మనది, లోపలికి దిగుడు తెల్సినోళ్లు ఉంటేనే. శివనగర్ మెట్ల బావిని బాగు చేసినంక ఎట్లుందో చూస్తే పాత బావి విలువ తెలుస్తది.

స్టెప్ 8: చెట్లు

వంద పెట్టి పది బతికిచ్చుడు కన్న పన్నెండు పెట్టి పదకొండు బతికిచ్చుడు మేలు. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డంక పెట్టాలె. గుంత రెండు అడుగుల పొడుగు, వెడల్పు, లోతు, పదిహేను రోజుల ముందే తవ్వి ఎండనియ్యండి. నింపేటప్పుడు ఎర్రమట్టి, మాగిన పెంట ఎరువు, గుప్పెడు వేపపిండి. మొక్క మీ ఛాతీ ఎత్తు ఉన్నది తెచ్చుకోండి, జానెడు మొక్కను మేకలు వారంల నాకేస్తయి. నర్సరీ కవర్ చింపకుండ పాతిపెట్టినోళ్లను కూడ చూసిన, ఫొటో తొందరల.

కరెంటు తీగల కింద గన్నేరు, నందివర్ధనం, పారిజాతం, తంగేడు లాంటి చిన్నయి. తీగలు లేని కాడ వేప, కానుగ, పొగడ, నేరేడు. కానుగను మేకలు పెద్దగ ముట్టవు. గన్నేరు విషం, మేకలు తినవు గాని బడి ముంగట, చిన్న పిల్లలు ఆడే కాడ పెట్టొద్దు. రావి, మర్రి మోరీకి, గోడకు దూరంగ. కోనోకార్పస్ మాత్రం వద్దే వద్దు, సూడనీకి పచ్చగ గోడ లెక్క ఉంటది గాని పుప్పొడితోటి దగ్గు, తుమ్ములు, వేర్లు పైపుల్లకు పోతయి. పెద్ద చెట్టు ఏదన్నా అడ్డమొస్తే మీరే నరకొద్దు, వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ కావాలె.

అసలు పరీక్ష మార్చి నుంచి జూన్ దాక. వారానికి రెండు సార్లు, చెట్టుకు పదిహేను లీటర్లు. మేము చెట్టు పక్కన మూతి పైకి ఉండేటట్టు పాత కుండ పాతిపెట్టినం, మట్టి కుండ నుంచి నీళ్లు మెల్లగ ఊరి వేర్లకు పోతయి, నింపితే మూడు నాలుగు రోజులు చూసే పని లేదు. చెట్టు మొదలు చుట్టు ఎండిన ఆకులు పరువుండ్రి. చెట్టుకు ఒక ఇల్లు, ఆ ఇంటి పిల్లల పేరు ట్రీ గార్డుకు రాసి కట్టినం. పేరున్న చెట్టు ఎండిపోతే ఆ పిల్లలే ఏడుస్తరు, ఇగ అమ్మ నాన్న నీళ్లు పోయక ఏం చేస్తరు.

స్టెప్ 9: మోరీలు, చెరువులు

2020 ఆగస్టుల, మళ్లీ 2023 జులైల మన కాలనీలు ఎట్ల మునిగినయో గుర్తుండే ఉంటది. కాకతీయులు కట్టినయి గొలుసుకట్టు చెరువులు, ఒక చెరువు నిండితే అలుగు దుంకి నాలా వెంట కింది చెరువుకు పోవాలె. ఆ నాలా మీద ఇండ్లు కట్టినం, మిగిలిన దాంట్ల కవర్లు నింపినం. కబ్జాలు తీపిచ్చుడు వాలంటీర్ల చేతిల లేదు, కానీ మే నెల ఆఖరుకు మీ గల్లీ మోరీల కవర్లు, థర్మాకోల్ తీసి, కల్వర్టు నోళ్లు తెరిచి పెట్టుడు మీ చేతుల ఉంది. తీసిన పూడిక గట్టు మీద పెట్టి ఇడిసిపెట్టకుండ్రి, మొదటి వానకే మళ్లీ అండ్లనే పడుతది, అదే రోజు ట్రాక్టర్ల పోవాలె.

చెరువుల గుర్రపుడెక్క తీయాలనుకుంటే ఒడ్డు మీద నుంచి చేతికందేదే తీయుండ్రి. బురద ఎంత లోతు ఉందో ఎవరికీ తెల్వది, ఈత వచ్చినా డెక్క తీగలు కాళ్లకు చుట్టుకుంటయి. నడుముకు తాడు, లైఫ్ జాకెట్, మత్స్యకారుల సంఘం వాళ్ల తెప్ప ఉంటేనే లోపలికి. పూత రాకముందే తీయాలె, విత్తనాలు బురదల పడితే ఏండ్ల తరబడి మొలుస్తనే ఉంటయి. తీసింది కట్ట మీద రెండు రోజులు ఆరితే బరువు తగ్గుతది, అప్పుడు ఎరువు గుంతకు పంపుండ్రి. ఇంకో ముచ్చట, మురికినీళ్లు చెరువుల కలుస్తున్నంత కాలం డెక్క మళ్లీ వస్తనే ఉంటది, అందుకే ఏ మోరీ చెరువుల కలుస్తుందో ఫొటోతోటి రాసి ఇచ్చుడు కూడ అదే పనిల భాగం.

కట్ట పనికి మంచి టైము బతుకమ్మ ముందు. ఎంగిలిపూల నాటికి కట్ట, మెట్లు సాఫ్ ఉండాలె అని టార్గెట్ పెట్టుకుంటే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తరు, పిలవాల్సిన పని ఉండదు. సద్దుల తెల్లారి మళ్లీ పోవాలె, గునుగు, తంగేడు పూలతోటి నీళ్లకు వచ్చిన కష్టం ఏం లేదు, కవర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, అగర్బత్తి డబ్బాలతోటే కష్టం. వినాయక నిమజ్జనం అయినంక ఒడ్డుకు తేలిన కట్టెలు, ఇనుప చువ్వలు పాత సామానోళ్లకు అమ్మితే పారల పైసలు ఎల్తయి.

స్టెప్ 10: తర్వాతి 21 రోజులు

కుప్ప తీసినంక మూడు వారాలు కావలి ఉండాలె. పొద్దున ఇద్దరు, రాత్రి ఇద్దరు, గంటన్నర చొప్పున, చాయ్ ఫ్లాస్క్ పెట్టుకొని. ఎవరన్నా కవర్ తెస్తే తిట్టొద్దు, "అన్నా, ఆటో ఇప్పుడు ఏడున్నరకే వస్తుంది, మీ ఇంటి కాడ ఆగుతలేదా" అని అడుగుండ్రి. ఆగుతలేదు అంటే రాసుకొని జవాన్‌కు చెప్పండి. అందరి ముందట ఇజ్జత్ తీస్తే వాడు రాత్రి రెండు గంటలకు వచ్చి రెండు సంచులు వేసి పోతడు, మాకు జరిగింది. ఒకటి రెండు కవర్లు పడ్డయంటే గంటల్నే తీసెయ్యాలె, ఒక కవర్ పక్కకు ఇంకోటి పడుడు ఎంతసేపు.

ఇంట్ల తడి, పొడి వేరు చేసుడు కూడ ఈ మూడు వారాలల్లనే చెప్పుకోవాలె. 2012 అక్టోబర్‌ల మన ఊళ్లె క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ పెట్టినప్పుడు వేరే మున్సిపాలిటీల టీములు వచ్చి ఇంటింటికి తిరిగి ఇదే నేర్పిన్రు, అప్పటి రెండు బకెట్లు ఇంకా కొన్ని ఇండ్లల్ల ఉన్నయి, ఇప్పుడు అండ్ల బియ్యం, ఉల్లిగడ్డలు పోసుకుంటున్నరు. మళ్లీ చెప్పాలె, తప్పది.

రాజకీయ నాయకులు వస్తరు, రానియ్యుండ్రి, పార ఇచ్చి పని చేయిపిచ్చుండ్రి. ఏ పార్టీ ఫ్లెక్సీ మాత్రం ఆ జాగల కట్టనియ్యొద్దు, ఒక్కటి కడితే రెండో పార్టీ వాళ్లు వెంటనే కడతరు, ఆ తర్వాత మీ పని వాళ్ల పని అయిపోతది. ఇది మొదటి మీటింగుల్నే రాసి పెట్టుకోండి, నాయకుడు ముందర నిలబడ్డంక చెప్పుడు కష్టం.

ఆరు నెలలు ఆ మూలకు కుప్ప పడకపోతే అప్పుడు రెండో జాగ చూసుకోండి, అదీ మొదటి టీముతోటి కాదు, ఆ రెండో గల్లీ వాళ్లు ఐదుగురు వచ్చి అడిగితేనే. మా దగ్గరికి పక్క కాలనీ అక్కలు వచ్చి "మాకు కూడ గా ముగ్గు లైన్ నేర్పుండ్రి" అని అడిగిన్రు, పోయిన వారం వాళ్లు నోట్‌బుక్ పట్టుకొని రాత్రి కూసుండుడు మొదలు పెట్టిన్రు. వాళ్ల కుప్ప మీద ఎక్కువ పడేది కొబ్బరి బోండాలట, దానికి మందు ఇంకా దొరకలే, మీ దగ్గర ఎవలన్నా ఏమన్నా చేసి ఉంటే చెప్పుండ్రి.